నంది లోయ ద్రాక్షతోటలకు అతిథులు రావాలంటే

(పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు)

మన దేశంలో వైన్ పర్యాటకం అంటే ముందుగా వచ్చే పేరు నాసిక్. బెంగళూరుకు ఉత్తరాన దొడ్డబళ్లాపురం, దేవనహళ్లి, చిక్కబళ్లాపురం చుట్టూ పరుచుకున్న నంది లోయలో కూడా దశాబ్దాలుగా ఫ్రెంచి రకం ద్రాక్షతో వైన్ తయారవుతోంది. అయినా ఏటా లక్షల మంది సూర్యోదయం చూడటానికి నంది కొండ ఎక్కుతారు గానీ, కిందనున్న తోటల సంగతి చాలామందికి తెలియదు. ఆ తోటల మీద బతుకుతున్నవారు, సరిహద్దుకు ఇటువైపు హిందూపురం, అనంతపురం పాఠకులు కొన్ని ప్రశ్నలు పంపారు. సాగు, తయారీ, అతిథి సేవ తెలిసిన మా బృందం వాటికి ఇచ్చిన జవాబులివి.

ప్రశ్న: నంది కొండ కింద మాకు నాలుగు గదుల హోమ్‌స్టే ఉంది. వైన్ తోట చూపించే ప్యాకేజీ పెడదామనుకుంటున్నాం. పంట ఎప్పుడని అతిథులు అడిగితే ఒక్కొక్కరం ఒక్కో నెల చెబుతున్నాం. అసలు ఏ నెలలో ఏం చూపించాలి?
– నంది గ్రామం దగ్గర నుంచి ఒక హోమ్‌స్టే యజమాని

జవాబు: ఈ ప్రాంతానికి ఉన్న అసలు విశేషం మీ ప్రశ్నలోనే ఉంది. ఫ్రాన్స్‌లో చలికాలం రాగానే ద్రాక్ష తీగ ఆకులు రాల్చి నిద్రలోకి జారుకుంటుంది. అక్కడ పంట వేసవి చివర్లో, శరదృతువులో. మన దగ్గర తీగను నిద్రపుచ్చేంత చలి లేదు. వదిలేస్తే ఏడాదంతా చిగురుస్తూనే ఉంటుంది. ఆ పూత వానల్లోకి వచ్చిందంటే బూజు తెగులు గుత్తిని దక్కనివ్వదు. అందుకే మన రైతు ఏటా రెండుసార్లు కత్తెర పట్టి, ఎప్పుడు కాయాలో తీగకు తానే చెబుతాడు. ఫ్రాన్స్, ఇటలీ చూసొచ్చిన అతిథికి కూడా ఇది కొత్త సంగతే. మీ ప్యాకేజీ దీని చుట్టూ తిరగాలి.

మొదటి కత్తిరింపు పంట అయిపోయాక, ఏప్రిల్–మే నెలల్లో. కొమ్మను ఒకటి రెండు కళ్లు (చిగురు మొలిచే మొగ్గలు) మాత్రం ఉంచి కోసేస్తారు. దాన్నుంచి వచ్చే కొత్త కొమ్మల్లో, సుమారు 40 నుంచి 60 రోజుల నాటికి, వచ్చే పంట గుత్తులు కంటికి కనిపించకుండా కళ్ల లోపలే రూపు కడతాయి. ఆ రోజుల్లో ఎండ సరిగ్గా తగలకపోతే పంట తగ్గుతుంది. రెండో కత్తిరింపు సెప్టెంబరు–అక్టోబరులో. ముదిరిన కొమ్మ మీద ఆరు నుంచి పది కళ్లు వదిలి కోస్తారు. పది పదిహేను రోజుల్లో చిగురు, దానితోనే చిన్న గుత్తి. జనవరి చివరి నుంచి మార్చి దాకా కోత. తెల్ల రకాలు సావిన్యాన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ ముందు వస్తాయి. షిరాజ్, కాబర్నే సావిన్యాన్ లాంటి ఎర్ర రకాలు ఆ తరవాత.

కోత రోజుల్లో అతిథులను ఉదయం ఆరున్నరకల్లా తోటలో ఉంచండి. పండు వేడెక్కాక కోస్తే తొట్టికి చేరేలోగానే రసం ఊరి, పులియడం మొదలవుతుంది. అందుకే వైనరీలు (వైన్ తయారుచేసే సంస్థలు) పొద్దున్నే కోత ముగించేస్తాయి. పది గంటలకు తీసుకెళితే అతిథికి కనిపించేవి ఖాళీ వరసలే. ఒక్క వరస వారికి కేటాయించమని ముందే వైనరీతో మాట్లాడుకోండి. ముప్పావు గంట కోత చాలు, అంతకుమించితే నడుము నొప్పి, విసుగు. చేతికో చిన్న కత్తెర, తలకు టోపీ ఇవ్వండి. వరస చివర రిఫ్రాక్టోమీటరు (రసంలో తీపి కొలిచే పరికరం) పెట్టండి. గుత్తి మధ్య నుంచి ఒక పండు తీసి, గాజు మీద రెండు చుక్కలు పిండి, వెలుతురు వైపు తిప్పి చూస్తే గీతల మీద నీలి నీడ ఎక్కడ ఆగిందో కనిపిస్తుంది. తెల్ల రకానికి 20 నుంచి 22, ఎర్ర రకానికి 23 నుంచి 25 బ్రిక్స్ (రసంలో చక్కెర కొలత) ఉంటే కోతకు వచ్చినట్టు. ఆ తరవాత అదే పండు నమలమనండి, గింజ చూపించండి. గింజ పచ్చగా ఉంటే ఒగరు ఇంకా పచ్చిగానే ఉన్నట్టు, గోధుమ రంగుకు తిరిగితే పక్వమైనట్టు. ఈ అయిదు నిమిషాలు అతిథికి గంట ఉపన్యాసం కన్నా బాగా గుర్తుంటాయి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా తోటలో పండు ఉండదు. ఈ సంగతి బుకింగ్ అప్పుడే చెప్పండి. గుత్తులు లేవని గొడవపడే అతిథి తప్పు చేసినట్టు కాదు, చెప్పని మనది తప్పు. ఆ నెలల్లో కొండ మీద మబ్బు, కింద పచ్చదనం ఉంటాయి. వాటితో పాటు ట్యాంకులు, పీపాలు చూపించే లోపలి కార్యక్రమం పెట్టుకోండి.

ఇంకొక్కటి, ప్రాణం మీదికి వచ్చే విషయం. రెండో కత్తిరింపు అయిన ఒకటి రెండు రోజుల్లో కళ్లన్నీ ఒకేసారి చిగురించడానికి హైడ్రోజన్ సయనమైడ్ పూస్తారు. అది ఒంటికి తగిలినా, ఆవిరి పీల్చినా, ఆ మనిషి వైన్ తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ, ఊపిరాడకపోవడం, రక్తపోటు పడిపోవడం జరగొచ్చు. మద్యాన్ని ఒంట్లో విరిచే ప్రక్రియను ఆ మందు మధ్యలోనే ఆపేస్తుంది, అందుకు. ఆ మందు పూసిన వరసల్లోకి అతిథులను పోనివ్వకండి. తోట మేనేజరు నుంచి ఆ వారం మందుల పట్టిక ముందే అడిగి తెచ్చుకోండి.

ప్రశ్న: ఒక వైనరీ టేస్టింగ్ రూములో (వైన్ రుచి చూపించే గది) కొత్తగా చేరాను. తెలుగువాళ్లు చాలామంది వస్తారు. నేను ఇంగ్లిషులో నేర్చుకున్న మాటలు చెబితే తల ఊపుతారు, కానీ వాళ్లకు ఏమీ అందడం లేదని తెలుస్తోంది. ఎంత పోయాలి, ఏ వరసలో పోయాలి, ఎలా చెప్పాలి?
– దొడ్డబళ్లాపురం నుంచి ఒక యువకుడు

జవాబు: ముందు కొలత చెబుతాం. ఒక్కో రకం 30 మి.లీ. చాలు. గ్లాసు పొట్ట వెడల్పుగా ఉంటే అది చాలా తక్కువగా కనిపిస్తుంది. అందుకని చేత్తో అంచనా వేసి పోయకండి, కొలత మూత వాడండి. పన్నెండు మంది బృందం, అయిదు రకాలు అనుకుందాం. రకానికి 360 మి.లీ., అంటే 750 మి.లీ. సీసాలో సగం కన్నా కాస్త తక్కువ. మిగిలిన సగం మర్నాటికి రుచి తగ్గుతుంది. అదే రోజు 11.30కు ఒక బృందం, 3.30కు ఇంకో బృందం పెట్టుకుంటే 720 మి.లీ. ఖర్చవుతుంది. మిగిలిన 30 మి.లీ. సీసా తెరవగానే మీరు వాసన చూసి పరీక్షించుకోవడానికి. సీసా వృథా కాదు, ఎవరికీ పాత వైన్ వెళ్లదు. రోజంతా ఎవరొస్తే వారికి పోసే చోట డబ్బు కారిపోయేది ఇక్కడే.

వరస: బుడగల వైన్ ఉంటే ముందు అది, తరవాత తెలుపు, రోజే (గులాబీ రంగు వైన్), ఎరుపు, చివర తీపి. తిరగేస్తే ఎరుపులోని ఒగరు నాలుకను పట్టేసి, తరవాత పోసిన తెలుపు నీళ్లలా అనిపిస్తుంది. వేడి సంగతి కూడా చూడాలి. తెలుపు 8 నుంచి 12 డిగ్రీలు, ఎరుపు 16 నుంచి 18 ఉండాలి. మార్చిలో మీ గది 32 డిగ్రీలుంటే 'గది వేడి' మీద ఎరుపు పోయడం అన్యాయం. సారాయి ఘాటు ఒక్కటే ముక్కుకు తగులుతుంది. ఎరుపు సీసాను కూడా ఆ డిగ్రీలకు దిగేదాకా ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. ముందే అన్ని గ్లాసుల్లో పోసి వరసగా పేర్చే అలవాటు మానుకోండి. 30 మి.లీ. కొద్ది నిమిషాల్లోనే వేడెక్కిపోతుంది.

వాసనకు శత్రువులు గదిలోనే ఉంటాయి. పొద్దున బోణీకి వెలిగించే అగరొత్తి, దోమల చుట్ట, ఫినాయిలుతో తుడిచిన నేల, నిమ్మ వాసన సబ్బుతో కడిగిన గ్లాసు, తడి గుడ్డతో తుడిచిన గ్లాసు. పూజ కావాలంటే ఆఫీసు గదిలో చేసుకోమనండి. గ్లాసులను వాసన లేని సబ్బు, వేడి నీళ్లతో కడిగి, ఆరిన నూలు గుడ్డతో తుడవాలి. జడలో మల్లెలతో వచ్చిన ఆడవారికి మాత్రం ఏమీ అనకండి. వారిని గాలి ఆడే వరండా బల్లల దగ్గర కూర్చోబెడితే సరిపోతుంది.

ఇక మాటలు. బ్లాక్‌కరంట్ పండు చూడని మనిషికి బ్లాక్‌కరంట్ వాసన అని చెప్పి ఏం లాభం? షిరాజ్‌లో నేరేడు పండు, మిరియాలు వెతకమనండి. మిరియాలకూ షిరాజ్‌కూ ఆ ఘాటు వాసననిచ్చే పదార్థం నిజంగానే ఒకటే, దాని పేరు రోటండోన్. షెనిన్ బ్లాంక్‌లో దోర జామ, సావిన్యాన్ బ్లాంక్‌లో పచ్చి క్యాప్సికం, అప్పుడే కోసిన గడ్డి. కాబర్నేలో కూడా క్యాప్సికం వాసన గట్టిగా వస్తే పండు పూర్తిగా పండకముందే కోశారని అర్థం. రుచికి వచ్చేసరికి తెలుగు మీకు గొప్ప సాయం చేస్తుంది. టానిన్ అంటే ఏమిటో ఇంగ్లిషులో చెప్పాలంటే రెండు వాక్యాలు కావాలి, మనకు 'ఒగరు' అన్న ఒక్క మాట చాలు. పచ్చి అరటికాయ కొరికినప్పుడు, గట్టి వక్క నమిలినప్పుడు చిగుళ్లు పట్టుకుపోతాయే, అదే. పులుపు ఎంతుందో తెలియాలంటే మింగాక నోట్లో నీళ్లు ఎంత ఊరాయో చూసుకోమనండి. బల్ల మీద చిన్న గిన్నెల్లో నేరేడు పండు (కాలం కాకపోతే నేరేడు రసం), దోర జామ ముక్క, నలిపిన మిరియాలు పెట్టండి. గ్లాసు వాసన చూసి, గిన్నె వాసన చూసి, మళ్లీ గ్లాసు దగ్గరికి రానివ్వండి. 'ఆఁ, దొరికింది' అని ఒకరు అన్నారంటే ఇక ఆ బల్ల మీద మీరు మాట్లాడాల్సిన పని ఉండదు.

పక్కన తిండి లేకుండా పోయకండి. ఉప్పు వేసి వేయించిన వేరుశనగలు ఎర్ర వైన్ ఒగరును మెత్తబరుస్తాయి. మిరప కారం మాత్రం వద్దు. కారంతో మండుతున్న నోటికి మద్యం తగిలితే మంట రెట్టింపవుతుంది, ఒగరు దానికి తోడు. తెలుగు అతిథులు కారం కావాలని పట్టుబడితే కాస్త తీపి మిగిలిన షెనిన్, లేదా చల్లటి రోజే ఇవ్వండి, నాటుకోడి పులుసుకైనా తట్టుకుంటాయి. మిరియాలు వేసిన మటన్ వేపుడైతే షిరాజ్‌తో హాయిగా పోతుంది.

ఉమ్మడానికి పాత్ర తప్పక పెట్టండి, ముందు మీరే దాన్ని వాడి చూపించండి. మన దగ్గర ఎంగిలి అని సంకోచిస్తారు. కాబట్టి మూత ఉన్న పాత్ర, మనిషికి ఒకటి. 21 ఏళ్లు నిండాయని కార్డు చూశాకే గ్లాసు ఇవ్వండి.

ప్రశ్న: నాకు మూడెకరాల బెంగళూరు బ్లూ తోట ఉంది. ధర నిలకడగా లేదు. నేనూ వైన్ పెట్టి టూరిస్టులను రప్పించవచ్చా?
– చిక్కబళ్లాపురం నుంచి ఒక రైతు

జవాబు: వైన్ మీరు పెట్టొద్దు. ఎక్సైజ్ లైసెన్సు లేకుండా వైన్ చేసినా, ఒక్క గ్లాసు అమ్మినా నేరం. లైసెన్సు తెచ్చుకుని, ట్యాంకులు, చల్లబరిచే యంత్రాలు, ప్రయోగశాల పెట్టుకోవడం మూడెకరాలతో గిట్టదు. పైగా మీ పండు అందుకు తగింది కాదు. బెంగళూరు బ్లూలో అమెరికా జాతి ద్రాక్ష అంశ ఉంది. పిల్లల ద్రాక్ష చాక్లెట్లలో వచ్చే వాసన దీనికి సహజం. రసానికి, జామ్‌కు, తీపి వైన్‌కు అది బాగుంటుంది, తీపి లేని వైన్‌లో వికటిస్తుంది. తీసేసి వైన్ రకాలు వేస్తే మొదటి పంటకు మూడేళ్లు ఆగాలి. కొనే వైనరీతో రాతపూర్వక ఒప్పందం చేతిలో లేనిదే ఒక్క తీగ కూడా పీకొద్దు.

అయినా మీకు దారి ఉంది, మా దృష్టిలో మంచి దారే. మీ పండుకు భౌగోళిక గుర్తింపు ఉంది, ఏటా రెండు పంటలిస్తుంది. అంటే వైనరీ వరసలు ఖాళీగా ఉన్న రోజుల్లో కూడా మీ పందిరి కింద గుత్తులు వేలాడొచ్చు. వైన్ ద్రాక్షను నిలువు తీగల కంచెకు పాకిస్తారు, మీది తలమీది పందిరి. ఆ నీడలో నడవడమే నగరం మనిషికి పెద్ద సంబరం. తోట నడక, కోసుకున్న పండుకు తూకం, చల్లటి రసం. ఇవి పెట్టి, పక్కనున్న వైనరీతో మాట్లాడి వారి సందర్శనకు ముందు మజిలీ అవ్వండి. తాగనివారు, పిల్లలు, పెద్దవారు ఉన్న కుటుంబాలు మీ దగ్గర ఆగుతాయి.

కావాల్సినవి శుభ్రమైన మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే చోటు, తాగునీరు, నాలుగు బల్లలు. పురుగుమందు డబ్బా మీద కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో ముద్రించి ఉంటుంది. అతిథులు తుంచుకుని నేరుగా నోట్లో వేసుకుంటారు కాబట్టి ఆ లెక్క ఒక్క రోజు కూడా తప్పకూడదు. తోటను నాలుగు భాగాలు చేసి, ఏ భాగంలో ఎప్పుడు చల్లారో పలక మీద రాసి, గడువు దాటిన భాగమే తెరవండి.

ప్రశ్న: లేపాక్షి, నంది కొండ, వైన్ తోట కలిపి ఒకరోజు మినీ బస్సు టూరు నడపాలని ఉంది. పదిహేను మందికి డ్రైవరుతో. ఏ వరస మంచిది? జాగ్రత్తలేమిటి?
– హిందూపురం నుంచి ఒక ట్రావెల్స్ నిర్వాహకుడు

జవాబు: గుడి ముందు, గ్లాసు తరవాత. ఈ నియమం తప్పితే మన కుటుంబాలు మళ్లీ రావు. హిందూపురం నుంచి లేపాక్షి పదిహేను కిలోమీటర్లు. ఉదయం ఏడున్నరకు వీరభద్రాలయం, ఏకశిలా నంది. అక్కడి నుంచి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర 44వ జాతీయ రహదారి ఎక్కి బాగేపల్లి, చిక్కబళ్లాపురం మీదుగా నంది గ్రామం. కొండ మీదికి కాదు, కిందనున్న భోగనందీశ్వరాలయానికి. శనాదివారాల్లో కొండ దారి వాహనాలతో కిక్కిరిసిపోతుంది, మీ రోజంతా అక్కడే పోతుంది. భోగనందీశ్వరుడి గుడి వెయ్యేళ్లకు పైబడింది, నోలంబుల నుంచి విజయనగరం దాకా అందరి చేయీ పడిన కట్టడం. రాతి తీగలు, చిలుకలు చెక్కిన కల్యాణ మంటపం ఒక్కటే అరగంట నిలబెడుతుంది. ఒంటిగంటకు కడుపునిండా భోజనం. 3.30కు వైనరీ. ఖాళీ కడుపుతో టేస్టింగుకు తీసుకెళ్లడం ఈ టూర్లలో తరచూ జరిగే తప్పు. సగం మందికి రెండో గ్లాసుకే తల తిరుగుతుంది.

'నాలుగు గుక్కలే కదా' అనే మాట మీద లెక్క చూడండి. 30 మి.లీ. చొప్పున ఆరు రకాలు తాగితే 180 మి.లీ. 13 శాతం మద్యం అంటే లోపలికి సుమారు 18 గ్రాములు వెళ్లింది. 70 కిలోల మగమనిషికి 100 మి.లీ. రక్తంలో సుమారు 39 మి.గ్రా., 60 కిలోల స్త్రీకి సుమారు 56 మి.గ్రా. దాకా చేరొచ్చు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పెట్టిన హద్దు 30 మి.గ్రా. మొదటిసారి దొరికితే పదివేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కాబట్టి డ్రైవరుకు మర్యాద కోసమైనా గ్లాసు ఇవ్వనివ్వకండి. ఆయనకు వేరే బల్ల, మంచి భోజనం, ద్రాక్ష రసం. సొంత బండి మీద వెనకే వచ్చే మిత్రులను బుకింగులోనే వద్దనండి.

సీసాల సంగతి: మద్యం రాష్ట్రాల అధికారంలోని విషయం. కర్ణాటకలో బిల్లుతో కొన్న సీసా కొడికొండ దాటగానే ఆంధ్రప్రదేశ్ నిబంధనల కిందికి వస్తుంది. ఆ నిబంధనలు మారుతుంటాయి, ప్రతి సీజనుకు ముందు హిందూపురం ఎక్సైజ్ కార్యాలయంలో అడిగి, ఆ జవాబు బుకింగ్ కాగితం మీద అచ్చు వేయండి. తెలియకుండా పదిహేను మంది తలా రెండు సీసాలు బస్సులో పెడితే, అవి ముప్పై. చెక్‌పోస్టులో దొరికేది మీ బండి.

ప్రశ్న: మాది చిన్న వైనరీ. పెద్ద ప్రకటనలకు డబ్బు లేదు, ఉన్నా వైన్ ప్రకటన వేయకూడదంటారు. మా ప్రాంతం పేరు జనానికి ఎలా తెలుస్తుంది?
– దేవనహళ్లి దగ్గర నుంచి ఒక మార్కెటింగ్ ఉద్యోగి

జవాబు: టీవీలో మద్యం ప్రకటన కేబుల్ టెలివిజన్ నిబంధనల కింద నిషిద్ధమన్నది నిజమే. సోడా పేరుతో దొడ్డిదారిన వెళ్లాలని చూడకండి. మీరు చెప్పాల్సింది సీసా గురించి కానే కాదు. తోట నడక, కోత ఉదయం, కొండ, గుడి, తిండి గురించి చెప్పండి.

నాసిక్ ఏం చేసిందో చూడండి. అక్కడి సులా వైనరీ వారు 2005లో టేస్టింగ్ రూము తెరిచారు, 2008లో తోటలోనే సంగీతోత్సవం మొదలుపెట్టారు. ముంబై, పుణె జనం వారాంతం గడపడానికి వచ్చారు, వచ్చాక సీసా కొన్నారు. చోటుకు పేరొచ్చాక పక్క వైనరీలకూ దారి పడింది. ఇక్కడ గ్రోవర్ వైనరీ స్థాపకుడు కన్వల్ గ్రోవర్, ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతపు వైన్ తయారీదారు జార్జ్ వెసెల్‌తో కలిసి 1980లలోనే ప్రయోగాలు చేసి దారి వేశారు. కర్ణాటక 2007లో ద్రాక్ష, వైన్ విధానం తెచ్చి వైన్ బోర్డు పెట్టింది. 2008లో అంతర్జాతీయ విమానాశ్రయం మీ గుమ్మం ముందుకే వచ్చింది. లేనిదల్లా ఒక రోజంతా నిండే కార్యక్రమం. ఒక్క వైనరీ అతిథికి రెండు గంటలు ఇస్తుంది. రెండు గంటల కోసం బెంగళూరు ట్రాఫిక్‌లో ఎవరూ రెండు గంటలు కూర్చోరు. మీరు పోటీదారు అనుకుంటున్న పక్క వైనరీ, బెంగళూరు బ్లూ తోట, దేవనహళ్లి కోట, శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్ కలిస్తేనే ఆ రోజు నిండుతుంది. అందరి చోట్లూ ఉన్న ఒకే పటం అచ్చు వేసి, అందరి కౌంటర్ల మీదా పెట్టండి. పక్కవారి పేరున్న పటం పెట్టడానికి మనసొప్పకపోతే ఈ పని ముందుకు సాగదు.

ఖర్చు లేని పనులు ముందు చేయండి. ఫోన్ పటంలో మీ గుర్తు తోట గేటు మీదే ఉందా, వెనక పొలం దారి మీద ఉందా? కొత్త ఫోన్‌తో, తెలియని మనిషిని పంపి చూడండి. చివరి మూడు కిలోమీటర్లలో ప్రతి మలుపుకూ కన్నడం, తెలుగు, ఇంగ్లిషుల్లో బాణం గుర్తు పెట్టండి. పెట్టేముందు పంచాయతీ అనుమతి తీసుకోండి. ఏ రోజు సెలవు, కోత ఎప్పుడు, పిల్లలను రానిస్తారా, టికెట్టులో ఏమేమి వస్తాయి అన్న నాలుగింటికీ జవాబు ఫోన్ ఎత్తిన ఎవరైనా చెప్పగలగాలి. నంది కొండ నుంచి ఉదయం ఎనిమిది తొమ్మిదికి దిగే జనం ఆకలితో ఉంటారు. వారికి మీ తోటలో వేడి ఇడ్లీ, కాఫీ, తోట నడక పెట్టండి, వైన్ ఊసు లేకుండా. మధ్యాహ్నం టేస్టింగుకు వారిలోంచే కొందరు మిగులుతారు. అంతకన్నా దగ్గరి జనం మీకు ఇంకెక్కడా దొరకరు.

ప్రశ్న: వైన్ టూరిజం పేరుతో మా ఊళ్లోకి కార్లు, చెత్త, గాజు పెంకులు వస్తున్నాయి. బోర్లలో నీళ్లు లేని ఊరు మాది. మాకేం ఒరుగుతుంది?
– దొడ్డబళ్లాపురం తాలూకా నుంచి ఒక పంచాయతీ సభ్యురాలు

జవాబు: అమ్మా, మీ కోపం న్యాయమైంది. వైనరీతో మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి. పార్కింగ్ వారి కాంపౌండు లోపలే ఉండాలి. ఖాళీ సీసాలు వారే వెనక్కి తీసుకోవాలి. పొలం గట్టు మీద పగిలిన ఒక్క సీసాకు ఎద్దు కాలు తెగితే ఆ రైతు సీజను పోయినట్టే. తోటకు డ్రిప్పు, ట్యాంకులు కడిగిన నీటికి శుద్ధి. పిండేశాక మిగిలే తొక్కు, గింజల పిప్పి పుల్లగా ఉంటుంది, పచ్చిగా పొలంలో పోస్తే మొక్కకు చెరుపు. పేడతో కలిపి ఎరువు చేయమని, అందులో ఊరికి వాటా ఇమ్మని అడగండి. ఉద్యోగాల్లో కూడా గేటు కాపలాతో సరిపెట్టుకోకండి. తోట చూపించే గైడు పని మీ ఊరి పిల్లలకే బాగా వస్తుంది. కత్తిరింపు చేసిన చేతులు వారివి, కన్నడం, తెలుగు రెండూ వారి నోటివే.

ప్రశ్న: తోటలో కొన్న సీసా ఇంటికొచ్చి తీస్తే ఉడికిన పండు వాసన. మోసపోయామా?
– బెంగళూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: కారులో ఎంతసేపు ఉంచారు? ఎండలో నిలిపిన కారు లోపల 50 డిగ్రీలు దాటుతుంది. వేడికి వైన్ వ్యాకోచించి బిరడాను పైకి నెడుతుంది, మూత అంచున జిగురు కారిన చారిక కనిపిస్తుంది. చారిక ఉంటే సీసా కారులోనే చెడింది. మరలు మూత సీసాలో చారిక ఉండకపోవచ్చు, రుచి మాత్రం అలాగే పాడవుతుంది. సరిగ్గా తిరుగు ప్రయాణానికి బయల్దేరేముందు కొనండి. తడి గోనెపట్టాలో చుట్టి, డిక్కీలో కాక సీటు కింద ఏసీ తగిలేచోట పెట్టండి. వైనరీల వారికి కూడా ఒక మాట: మార్చి, ఏప్రిల్‌లలో థర్మాకోల్ పెట్టె ఇవ్వకుండా సీసా చేతికివ్వకండి.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి నంది దూరం. మాకు దగ్గర్లో ఏమైనా ఉందా? హైదరాబాద్ ద్రాక్షకు ఒకప్పుడు పేరుండేది కదా.
– సికింద్రాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: హైదరాబాద్‌కు పేరు తెచ్చిన అనాబెషాహీ తినే ద్రాక్ష. పండు పెద్దది, తొక్కలో రంగు లేదు, వైన్‌కు కావలసిన చక్కెర, పులుపుల పొందిక దానికి రాదు. నగరం చుట్టూ ఆ తోటలు చాలావరకు ప్లాట్లయిపోయాయి. మీకు తగినది హంపి వైపు ఉంది. హైదరాబాద్‌కు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు పెట్టిన క్రస్మా ఎస్టేట్స్ తోటలు అక్కడివే. నేరుగా వెళ్లి గేటు దగ్గర నిలబడకండి, ముందు రాసి, సందర్శన ఉందో లేదో తెలుసుకుని బయల్దేరండి. హంపికి రెండు రోజులు పెట్టుకుని, తోటను రెండో రోజు ఉదయానికి ఉంచుకోండి. ఫిబ్రవరి అయితే కోత కంటపడే అవకాశం ఎక్కువ.